సూక్ష్మంలో మోక్షమేనా?

(ప్లాటినం జూబిలీ విద్వత్సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్ళ పండుగనాడు ఇనుము, ఫాస్ఫేటు, మాడిన పంచదార గురించి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని ఈ ఆవరణ వెలుపల బారులు తీరిన వాహనాలలో కొన్నింటికి పెట్రోలు అక్కరలేదు. ఇక్కడ కూర్చున్న వారి ప్రతి జేబులోనూ, చేతిసంచిలోనూ ఒక చిన్న విద్యుద్ఘటం ఉన్నది. 2022 మార్చిలో ఈ తమిళనాడులోనే, వేలూరులో, ఇంటివద్ద ఛార్జింగునకు పెట్టిన విద్యుత్ స్కూటరు నుండి మంటలు రేగి, ఆ పొగలో ఒక తండ్రి, ఆయన కుమార్తె ప్రాణాలు కోల్పోయారు. ఆ వేసవిలో అటువంటి వార్తలు మరికొన్ని రాగా, ప్రభుత్వం బ్యాటరీల పరీక్షా ప్రమాణాలను అదే సంవత్సరంలో కఠినతరం చేసింది. కనుక బ్యాటరీ లోపల ఏమున్నది, అది ఎందుకు అక్కడ ఉన్నది అనే ప్రశ్న ఇక ప్రయోగశాలలకే పరిమితం కాదు. పిల్లలు నిద్రించే ప్రతి ఇంటి ప్రశ్న అది.

ఘటం పని చేసే విధానం పదవ తరగతి విద్యార్థికి అందని సంగతేమీ కాదు. రెండు ధ్రువాలు, వాటి నడుమ విద్యుద్విశ్లేష్య ద్రవం. ఛార్జి చేసేటప్పుడు లిథియం అయానులు ధనధ్రువం నుండి బయలుదేరి, ద్రవాన్ని ఈది, ఋణధ్రువంలోని గ్రాఫైటు పొరల మధ్య చేరతాయి. ఎలక్ట్రానులకు ద్రవంలో ప్రవేశం లేదు. అవి బయటి తీగ వెంట చుట్టూ తిరిగి అదే ధ్రువానికి చేరాలి. వాడేటప్పుడు ఇద్దరు ప్రయాణికులూ వెనుకకు మరలుతారు. తీగలో సాగే ఆ ఎలక్ట్రానుల ప్రయాణమే దీపమై వెలుగుతుంది, చక్రమై తిరుగుతుంది. ఇద్దరిలో ఏ ఒక్కరు ఆగినా రెండవవారూ ఆగవలసిందే. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే మిగిలిన ప్రసంగమంతా సులభమే.

ఈ ఏర్పాటు ఒక్కరి కల్పన కాదు. 1976లో స్టాన్లీ విట్టింగ్‌హామ్ టైటానియం సల్ఫైడు పొరలలోనికి లిథియంను రప్పించి, మరల బయటికి పంపి చూపించాడు. 1980లో ఆక్స్‌ఫర్డులో జాన్ గుడెనఫ్, కోయిచి మిజుషిమా తదితరులు కోబాల్టు ఆక్సైడుతో నాలుగు వోల్టులు రాబట్టారు. జపానులో అకిరా యోషినో ప్రమాదకరమైన లిథియం లోహాన్ని తొలగించి ఆ స్థానంలో కర్బన పదార్థాన్ని ఉంచాడు. 1991లో సోనీ సంస్థ దానిని విపణికి తెచ్చింది. 2019లో ఈ ముగ్గురికి, అనగా విట్టింగ్‌హామ్, గుడెనఫ్, యోషినోలకు, రసాయన శాస్త్రంలో నోబెల్ పురస్కారం లభించింది. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97 ఏళ్ళు. అంతటి వయోవృద్ధుడు అంతకు ముందెన్నడూ ఆ పురస్కారం అందుకోలేదు. బాల్యంలో ఆయనకు అక్షరాలు కూడబలుక్కుని చదవడమే కష్టంగా ఉండేదన్న సంగతి ఈ సభలోని ఉపాధ్యాయులకు మాత్రం ప్రత్యేకంగా చెప్పదగినది.

ఆ డిసెంబరు 8న స్టాక్‌హోమ్‌లో గుడెనఫ్ తరఫున నోబెల్ ఉపన్యాసం చేసినవారు అరుముగం మంతిరం. దక్షిణ తమిళనాడులోని అమరపురం అనే చిన్న గ్రామంలో పుట్టి, మదురైలో చదివి, మద్రాసు ఐ.ఐ.టి.లో పరిశోధన పూర్తి చేసిన వ్యక్తి ఆయన. 1980ల రెండవ భాగంలో గురుశిష్యులిద్దరూ ఒక చిత్రమైన విషయాన్ని గమనించారు. ఇనుమును వట్టి ఆక్సైడుగా కాక, సల్ఫేటు వంటి సమూహంతో కలిపి ఉంచితే ఘటపు వోల్టేజి పెరుగుతుంది. గంధకం ఆక్సిజనును తనవైపు గట్టిగా లాక్కోవడంతో, ఇనుముకు ఆక్సిజనుతో ఉన్న బంధం కొంత సడలుతుంది. వోల్టేజి పెరగడానికి ఆ సడలింపే కారణం. అప్పటికి అది పుస్తకాలలో నిలిచిపోగల వివరం వంటిదే. తరువాతి దశాబ్దంలో దాని విలువ బయటపడింది.

కోబాల్టుకు రెండు దోషాలున్నాయి. అది ప్రియమైన లోహం. లోకానికి కావలసిన కోబాల్టులో అధిక భాగం కాంగో దేశపు గనుల నుండి వస్తుంది. ఆ గనులలో కొన్నింట చిన్నపిల్లల చేత పనిచేయించారన్న నిజం బడి నడిపేవారికి మింగుడుపడేది కాదు. రెండవది మరింత భయంకరం. అతిగా ఛార్జి అయి వేడెక్కితే కోబాల్టు ఆక్సైడు తనలోని ఆక్సిజనును విడిచిపెడుతుంది. పక్కనే మండే స్వభావం గల ద్రవం ఉన్నది. మంటకు కావలసినవన్నీ ఒకే డబ్బాలో సిద్ధంగా ఉన్నట్లే.

1997లో అమెరికాలోని ఆస్టిన్ నుండి గుడెనఫ్ బృందం ఒక పత్రం ప్రకటించింది. రచయితలలో అక్షయ పాధి, నంజుండస్వామి అన్న రెండు భారతీయ నామాలున్నాయి. వారు పరిశీలించినది లిథియం ఇనుప ఫాస్ఫేటు. ఇనుము చవక. ఫాస్ఫేటు ఎరువుల దుకాణంలోనూ కనిపించే సామాన్య పదార్థం. ఫాస్ఫరసు ఆక్సిజనును పట్టుకున్న పట్టు ఎంత గట్టిదంటే, వేడి తగిలినా అంత తేలికగా వదలదు. లిథియం లోహంతో పోల్చి కొలిస్తే వోల్టేజి సుమారు 3.4. గ్రాముకు 170 మిల్లీ ఆంపియర్ గంటల విద్యుత్తును సిద్ధాంతరీత్యా ఇవ్వగలదు.

సిద్ధాంతరీత్యా మాత్రమే. ఆచరణలో లిథియంలో మూడింట రెండు వంతులకు మించి బయటకు రాలేదు. అదీ నిదానంగా తీస్తేనే. తొందరపెడితే ఇంకా తగ్గిపోయేది. ఈ పదార్థం అల్పశక్తి అవసరాలకు తగినదని ఆ పరిశోధకులే నిజాయితీగా రాసుకున్నారు. స్కూటరును నడపగలదని గాని, నగరపు బస్సును లాగగలదని గాని అప్పుడు అనిపించే ఆస్కారం లేదు. గుణవంతుడే గాని చురుకు లేదని పక్కన కూర్చోబెట్టే విద్యార్థులు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఈ పదార్థం పరిస్థితి అదే.

అయితే మందకొడితనానికి కారణమేమిటి? ఇక్కడే ఈ ప్రసంగపు అసలు విషయం మొదలవుతుంది. ఇద్దరు ప్రయాణికులలో ఎవరు, ఎక్కడ ఆగిపోతున్నారు? అయానా, ఎలక్ట్రానా? ఈ ప్రశ్నకు సమాధానం తెలియకుండా పదార్థాన్ని పొడి చేసినంత మాత్రాన ప్రయోజనం ఉండదు.

ముందుగా ఎలక్ట్రాను సంగతి. ఇనుప ఫాస్ఫేటు దాదాపు విద్యుద్బంధకం. దాని వాహకత్వం కోబాల్టు ఆక్సైడు వాహకత్వం కంటె లక్ష రెట్లకు పైగా తక్కువ. రేణువు అంచుకు చేరిన ఎలక్ట్రానుకు లోపలికి పోవడానికి, లోపలిదానికి వెలుపలికి రావడానికి దారి దుర్గమం. 1999 ప్రాంతంలో కెనడాలో మిషెల్ ఆర్మాండ్, నథాలీ రావే తదితరులు రేణువు చుట్టూ పలుచని కర్బన పూతను వేశారు. 2001లో అదే దేశంలో లిండా నాజార్ బృందం చిన్న రేణువులను, కర్బనాన్ని చక్కగా కలిపి, సిద్ధాంతం చెప్పిన సామర్థ్యానికి దరిదాపులకు తీసుకుపోయింది.

ఆ పూత వేసే పద్ధతి గృహిణులకు వింతగా తోచదు. లిథియం, ఇనుము, ఫాస్ఫేటు లవణాలతో పాటు కొంత పంచదార గాని గ్లూకోజు గాని కలిపి, గాలి తగలకుండా ఆర్గాను లేదా నత్రజని వాయువులో 600 నుండి 700 డిగ్రీల వరకు కాలుస్తారు. పాకం ముదిరి, మాడి, చివరకు నల్లని కర్బనమై ప్రతి రేణువునూ కొద్ది నానోమీటర్ల మందాన చుట్టుకుంటుంది. బరువులో నూటికి రెండు మూడు పాళ్ళు చాలు. పూత లేని పొడి లేత బూడిద రంగు. పూత పడినది కాటుక నలుపు. ఈ మాడిన పంచదార ఒకేసారి మూడు పనులు చేస్తుంది. ఎలక్ట్రానుకు బాట వేస్తుంది. కాలేటప్పుడు ఇనుము తుప్పు స్థితికి, అనగా మూడు ఆవేశాల స్థితికి, పోకుండా కాపాడుతుంది. రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్దవి కాకుండా అడ్డుపడుతుంది. ఇంత చవకైన వస్తువు ఇన్ని పనులు చేయడం శాస్త్రంలో అరుదుగా కనిపించే సంగతి.

ఇక అయాను. ఈ స్ఫటికంలో లిథియం ఇష్టం వచ్చినట్లు అన్ని దిక్కులకూ పోలేదు. ఒకే దిశలో సాగే సన్నని సొరంగాల వంటి దారులున్నాయి. 2004లో గెర్బ్రాండ్ సెడర్ సహచరులతో కలిసి లెక్కలు కట్టి ఈ మాట చెప్పాడు. 2008లో జపానులో అత్సుయో యమదా బృందం న్యూట్రానుల సాయంతో దానిని ప్రయోగపూర్వకంగా చూపించింది.

తిరుమల క్యూలో నిలిచిన వారికి ఈ సొరంగం స్వభావం వేరుగా వివరించనక్కరలేదు. ఇరువైపులా ఇనుప కటకటాలు. మనిషి వెనుక మనిషి. మధ్యలో ఒకరు కూలబడితే దాటిపోయే వీలు లేదు. స్ఫటికంలో అలా కూలబడేది ఇనుప పరమాణువు. తయారీలో పొరపాటున ఒకానొక ఇనుప పరమాణువు లిథియం స్థానంలో కూర్చుంటే ఆ దారి అక్కడికి మూసుకుపోతుంది. వేడి నీటిలో పీడనంతో ఈ పదార్థాన్ని తయారుచేసే పద్ధతిని చేపట్టిన విట్టింగ్‌హామ్ బృందం, 120 డిగ్రీల వద్ద చేసినపుడు ఈ స్థానభ్రంశం ఎక్కువగా ఉండడాన్ని, ఉష్ణోగ్రత పెంచితే తగ్గడాన్ని గమనించింది.

ఇక్కడ చిన్న లెక్క వేయవచ్చు. సొరంగంలో లిథియం స్థానాల మధ్య దూరం సుమారు 0.3 నానోమీటర్లు. మిల్లీమీటరులో పది లక్షవ వంతు ఒక నానోమీటరు. వెయ్యి నానోమీటర్ల రేణువులో ఒక్కొక్క సొరంగంలో మూడు వేల పైచిలుకు స్థానాలుంటాయి. వెయ్యింటికి ఒకటి చొప్పున ఇనుము అడ్డు కూర్చున్నదనుకుంటే సగటున ప్రతి సొరంగంలో మూడు అడ్డులు. రెండు కొసల దగ్గరి భాగాలకు మాత్రమే బయటి ద్వారం ఉంటుంది. అడ్డుల మధ్య చిక్కిన లిథియం, దాదాపు సగం, జైలులో ఉన్నట్లే. అదే రేణువు 50 నానోమీటర్లదైతే సొరంగానికి నూట డెబ్బైకి లోపు స్థానాలు. ఆరింట ఒక సొరంగంలో మాత్రమే అడ్డు ఉంటుంది. ఆ ఒక్క అడ్డు కూడా ఎవరినీ బంధించలేదు. దానికి అటున్నవారు అటు, ఇటున్నవారు ఇటు బయటపడతారు. లోపం తొలగలేదు, కాని దాని హాని తొలగింది.

దీనికి వేగం లాభం అదనం. వ్యాపనానికి పట్టే కాలం దూరపు వర్గాన్ని అనుసరిస్తుంది. దారి ఇరవై రెట్లు తగ్గితే కాలం నాలుగు వందల రెట్లు తగ్గుతుంది. వర్గాలు ఎందుకు నేర్చుకోవాలని తరగతిలో అడిగే పిల్లలకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇంతవరకు విన్నవారికి సూక్ష్మంలోనే మోక్షమున్నదని తోచవచ్చు. కొన్నేళ్ళపాటు శాస్త్ర లోకంలోనూ అటువంటి మోజు నడిచింది. శీర్షికలో నానో అనే పదం లేనిదే వ్యాసానికి గౌరవం లేనట్లుండేది. ఆ మోజుకు పదార్థమే బుద్ధి చెప్పింది. ఒక సెంటీమీటరు భుజం గల ఘనం ఉపరితలం ఆరు చదరపు సెంటీమీటర్లు. దానిని వంద నానోమీటర్ల ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం అరవై చదరపు మీటర్లు, అనగా ఒక పెద్ద తరగతి గది నేల అంత. పటికబెల్లం ముక్క నిదానంగా, దాని పొడి క్షణంలో కరగడం ఇందువల్లనే. అయితే మంచికి తెరచిన తలుపు నుండి చెడు కూడా వస్తుంది. ఉపరితలం పెరిగిన కొద్దీ విద్యుద్విశ్లేష్యంతో అనవసరమైన చర్యలు పెరుగుతాయి. గాలిలోని తేమ త్వరగా పడుతుంది. పొడి దూదిలా తేలికగా పొంగి, డబ్బాలో ఇమడవలసినంత ఇమడదు. బరువు తగ్గకపోయినా ఘటం పరిమాణం పెరుగుతుంది. దానిని రేకుకు అంటించడానికి జిగురు ఎక్కువ కావాలి. ఆ జిగురు విద్యుత్తునిచ్చేది కాదు. కొందరు పరిశోధకులు తెరపై చూపిన అద్భుతమైన గీతలు కర్మాగారంలో కనబడకపోవడానికి ఇదే ముఖ్యమైన కారణం.

అందువల్ల పొడిని ఇంకా పొడి చేయడంతో పదార్థ రూపకల్పన ముగియదు. ఏ దారి ఎంత పొట్టిగా ఉండాలో అంతవరకే తగ్గించి, మిగిలినదంతా పెద్దదిగా, దృఢంగా ఉంచాలి. బూందీ లడ్డు దీనికి చక్కని పోలిక. బూందీ గింజ చిన్నది, లడ్డు పెద్దది. గింజల మధ్య పాకం పోయే సందులుంటాయి. కర్బన పూత గల నానో రేణువులను ద్రవంలో కలిపి, వేడి గాలిలోనికి చిమ్మి ఆరబెడితే కొన్ని వేల నానోమీటర్ల గుండ్రని ఉండలు తయారవుతాయి. అయానుకు లోపలి దారి పొట్టిదే. ఉండల మధ్య సందులలో ద్రవం నిండుతుంది. డబ్బాలో మాత్రం పొడి పెద్ద గింజల వలె ఒత్తుగా సర్దుకుంటుంది.

కంటికి కనబడని ఈ కట్టడం సరిగా వచ్చినదో లేదో ఎలా తెలియాలి? పాఠశాల సూక్ష్మదర్శినికి ఇవి అందవు. కాంతి తరంగమే రేణువు కంటె పొడవైనది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రేణువును, పూతను కూడా చూపుతుంది. ఎక్స్‌కిరణాలను స్ఫటికం మీదికి పంపితే వచ్చే శిఖరాల వెడల్పును బట్టి స్ఫటిక పరిమాణాన్ని లెక్కగట్టే సూత్రాన్ని పాల్ షెరర్ 1918లోనే ఇచ్చాడు: రేణువు చిన్నదయ్యేకొద్దీ శిఖరం వెడల్పవుతుంది. నత్రజని వాయువును ఉపరితలం మీద పొరగా పట్టించి వైశాల్యం కొలుస్తారు. అన్నిటికంటె కఠినమైన పరీక్ష వందల, వేల సార్లు ఛార్జి చేసి, ఖాళీ చేసి, ప్రతిసారి ఎంత తిరిగి వచ్చిందో రాసుకుంటూ కూర్చోవడం. దానికి నెలలు పడుతుంది. దానికి అడ్డదారి లేదు.

ప్రశ్న మారితే సూక్ష్మత చేసే పనీ మారుతుంది. ఋణధ్రువంలో గ్రాఫైటుకు బదులు సిలికాన్ వాడితే బరువుకు అనేక రెట్లు లిథియం పడుతుంది, కాని సిలికాన్ మూడు రెట్లకు పైగా ఉబ్బి పగిలిపోతుంది. 2008లో యీ క్యూ బృందం సిలికాన్‌ను సన్నని తీగల రూపంలో పెంచి, ఉబ్బడానికి చోటిచ్చింది. అక్కడ సమస్య దారి పొడవు కాదు, పగులు.

ఈ శాస్త్రానికి తమిళనాట పాతకాలపు పునాది ఉన్నది. కారైక్కుడిలోని కేంద్రీయ విద్యుత్ రసాయన పరిశోధనాలయానికి అళగప్ప చెట్టియార్ మూడు వందల ఎకరాల భూమి, పదిహేను లక్షల రూపాయలు దానమిచ్చారు. 1948 జులై 25న నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1953 జనవరి 14న సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. తమిళ దేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని నడిపిన మహనీయుని చేతి మీదుగా ఆ ద్వారం తెరుచుకున్నదని ఇక్కడి పిల్లలకు చెప్పవలసి ఉన్నది. నేడు హైదరాబాదులోని అంతర్జాతీయ అధునాతన పరిశోధనా కేంద్రం, చెన్నైలోని దాని శాఖ ఇదే ఇనుప ఫాస్ఫేటు మీద పనిచేస్తున్నాయి. 2023 నాటికి లోకంలోని విద్యుత్ వాహనాల బ్యాటరీ సామర్థ్యంలో నూటికి నలభై వంతులకు పైగా ఈ పదార్థానిదే. ఆ పొడి తయారీ మాత్రం దాదాపు అంతా చైనాలోనే జరుగుతున్నది. తొలి పత్రం మీద భారతీయుల పేర్లున్న పదార్థాన్ని భారతదేశం దిగుమతి చేసుకోవడం కొంత బాధ కలిగించే విషయమే.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇనుప ఫాస్ఫేటు బ్యాటరీ అసలే అంటుకోదని అమ్మేవారు చెబితే నమ్మరాదు. ధనధ్రువం స్థిరమైనదే గాని లోపలి ద్రవం మండేదే. వాహనాన్ని పడకగదిలో గాని, ఇంటి నుండి బయటపడే ఏకైక దారిలో గాని ఛార్జికి పెట్టరాదు.

సభానంతరం విజ్ఞానశాస్త్ర గదిలో పదవ తరగతి విద్యార్థులు రెండు ప్రయోగాలు చూపిస్తారు. మొదటిదానిలో పెన్సిలు ములుకును తీగల మధ్య ఉంచగానే చిన్న దీపం వెలుగుతుంది. రెండవదానిలో పరీక్షనాళికలో పంచదారను మాడ్చి, ఆ నల్లని బొగ్గును అదే తీగల మధ్య ఉంచుతారు. దీపం వెలగదు. ప్రయోగం విఫలమైనదని పిల్లలు మొదట చిన్నబుచ్చుకున్నారు. నిజానికి బర్నరు మంట మీది నాళికలో, ఆ కొద్దిసేపట్లో, పంచదారకు అందే వేడి చాలదు. ఆ బొగ్గు వాహకం కావాలంటే కొలిమిలో ఏడు వందల డిగ్రీల వరకు పోవాలి. ఆ కొలిమి ఈ బడిలో లేదు. చూడవచ్చినవారు దీపం ఎందుకు వెలగలేదని అడగాలని, సమాధానం తాము చెప్పాలని పిల్లలు ఎదురుచూస్తున్నారు.